చప్పుడు లేని కెమెరా

బుర్ర శ్యాంసుందర్ కెమెరా చప్పుడు సిరిసిల్ల విలేకరులందరికీ తెలుసు. ఎక్కడ ప్రెస్‌మీట్ జరిగినా, మెట్లెక్కుతుండగానే లోపలినుంచి టకటకమని వినబడేది. "శ్యామన్న మనకంటె ముందుగాల్నే అచ్చిండు" అనుకుంటూ వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు.

అతని సొంతూరు చందుర్తి. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. శ్యాంసుందర్ మాత్రం పదో తరగతి కాగానే చెట్టెక్కే మోకు ముట్టనని సిరిసిల్లకు వచ్చేశాడు. ఒక ఫొటో స్టూడియోలో చీకటి గదిలో ఫిలిం కడగడం నేర్చుకున్నాడు. ఆ స్టూడియో యజమాని ముసలితనంతో చాలించుకుంటే తనే దాన్ని నడపసాగాడు. పొద్దున పాస్‌పోర్టు ఫొటోలు, లగ్గాల రోజుల్లో లగ్గాలు, మిగిలిన సమయంలో ఒక దినపత్రిక జిల్లా పేజీకి ఫొటోలు. పేపర్లో ఫొటో కింద చిన్న అక్షరాల్లో తన పేరు రావడం అతనికి ఇష్టం. భార్య శ్వేత ఆ ఫొటోలను కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించేది. తలుపు నిండిపోయాక మానేసింది.

అతని కెమెరా హైదరాబాదులో ఎవరో వాడి అమ్మినది. ఫొటో తీసినప్పుడల్లా దాని లోపల చిన్న అద్దం పైకి లేచి కింద పడుతుంది. అద్దం వెనక తెర తెరుచుకుని మూసుకుంటుంది. ఆ రెండూ కొట్టుకునే చప్పుడే షట్టర్ చప్పుడు. వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే వరసగా పడుతూనే ఉంటాయి. వాడగా వాడగా కీళ్లు వదులై, అతని కెమెరా మిగతావాళ్ల కెమెరాలకంటే గట్టిగా మోగేది. టీవీ వాళ్లు తలలు పట్టుకునేవాళ్లు. "అన్నా, మా ఆడియో నిండ నీ మిషినే ఉంటాంది" అని మొత్తుకునేవాళ్లు. నాయకులకు మాత్రం ఆ చప్పుడు నచ్చేది. అది మొదలవగానే గడ్డం పైకెత్తి, వేలు చూపిస్తూ, చెప్పిన మాటే ఇంకోసారి చెప్పేవాళ్లు.

ఎవరేం మాట్లాడుతున్నారో శ్యాంసుందర్‌కు పట్టేది కాదు. చెయ్యి ఎప్పుడు లేస్తుంది, కన్ను ఎప్పుడు తడుస్తుంది, అతని ధ్యాసంతా అక్కడే. అయిపోయాక పక్కనున్న విలేకరిని "ఏం చెప్పిండు?" అని అడిగి ఫొటో కింద రాయడానికి రెండు ముక్కలు తెలుసుకునేవాడు.

ఒక ఎండాకాలం, పేపరు వాళ్ల జగిత్యాల ఫొటోగ్రాఫర్ కాలు విరిగి ఇంట్లో పడుకోవడంతో, జగిత్యాల, కోరుట్ల పని కూడా శ్యాంసుందర్ మీదే పడింది. బండి మీద పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేవాడు. అలా పోయిన ఒకనాడు జగిత్యాలలో లింగవ్వను చూశాడు.

లింగవ్వది సారంగాపూర్ దిక్కు ఒక పల్లె. కొడుకు తిరుపతి గల్ఫ్‌లో కంపెనీ క్యాంపులో నిద్రలోనే చనిపోయాడు. వారాలు గడుస్తున్నా శవం రాలేదు. గల్ఫ్ కార్మికుల సంఘం నడిపే మల్లేశం ఆమెను తీసుకొచ్చి ప్రెస్‌మీట్ పెట్టించాడు. చిన్న గది. రేకుల కప్పు. ఫ్యాను తిరుగుతున్నా గాలి వేడిగానే తగులుతోంది. బల్ల మీద మైకులు గుత్తిలా పెట్టి ఉన్నాయి. వాటి వెనక లింగవ్వ, ముందుకు వంగి, ఆ మైకుల్లో దేనిలోకి మాట్లాడాలో తెలియనట్టు కూర్చుంది.

ఆమె గొంతు చిన్నది. రెండు మాటలు చెప్పి కొంగుతో కళ్లు ఒత్తుకునేది. ఒత్తుకోగానే కెమెరాలన్నీ ఒక్కసారిగా మోగేవి. ఎవరో మాటకు అడ్డం వచ్చినట్టు ఆమె ఆగిపోయేది. చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెట్టేది. అప్పటికి ఏం చెబుతోందో మరిచిపోయేది.

చివరికి మల్లేశం లింగవ్వ ఫోను అందుకుని పైకెత్తాడు. "తిరుపతి సచ్చిపోయే ముందటి దినం వాళ్ల అవ్వకు వాయిస్ మెసేజ్ పెట్టిండు. గిది ఇనుండ్రి. సహజంగ సచ్చిపోయిండని కంపెనీ చెప్పేది అబద్ధమని దీంతోనే తెలుస్తది" అని మైకుల దగ్గర పెట్టి నొక్కాడు.

"అవ్వా, తిన్నవా? నాకు ఛాతిల నొస్తాంది. డ్యూటీకి పోనంటె..."

కొడుకు గొంతు వినగానే లింగవ్వ మొహం ముడుచుకుపోయింది. ఆమె చెయ్యి ఫోను వైపు లేచింది. ఫొటోగ్రాఫర్లకు కావలసింది అదే. కెమెరాలన్నీ కలిసి మోగాయి, అందరికంటే గట్టిగా శ్యాంసుందర్‌ది. తిరుపతి ఇంకా ఏదో చెప్పాడు. ఎవరికీ వినబడలేదు. మల్లేశం ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారి అదే జరిగింది.

లింగవ్వ చెయ్యి చాపి ఫోను మీద పెట్టి మూసేసింది.

"అయ్యా, గా చప్పుడేంది?" అంది. అందరూ ఆగారు. "నా కొడుకు గొంతు గీ ఫోన్ల గింతే మిగిలింది. గది గూడ ఇననిస్తలేరు. నేను ఏడ్సినప్పుడే కొడ్తాండ్రు. నేను మాట్లాడ్తాంటె ఒక్కలు కొడ్తలేరు."

వెనకనుంచి ఒకడు, "అవ్వా, ఒక్కసారి ఇటు చూడు" అన్నాడు. ఆమె లేచి నిలబడింది. మల్లేశం కూర్చోమని బతిమాలినా కూర్చోలేదు.

మర్నాడు పేపర్లో శ్యాంసుందర్ ఫొటోనే పెద్దదిగా వచ్చింది. ఫోను వైపు చాచిన ముసలి చెయ్యి, నోరు తెరిచిన మొహం. పేపరు డెస్కు వాళ్లు మెచ్చుకుంటూ ఫోన్ చేశారు. సాయంత్రం మల్లేశం కూడా చేశాడు. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఫొటో మంచిగొచ్చిందన్నా. టీవీలోళ్లు మాత్రం వాయిస్ ఎయ్యలే. మొత్తం టకటకనే ఉన్నదట, పోరని మాట ఒక్కటి తెలుస్తలేదట. మళ్ల పెడ్దమంటె లింగవ్వ రానంటాంది, ఫోను గూడ ఇయ్యనంటాంది."

తిరుపతి శవం తర్వాత ఎప్పుడో వచ్చింది. సహజ మరణమని కాగితం మీద ఉంది. ఛాతీ నొప్పి సంగతి, సెలవు ఇవ్వని సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

శ్యాంసుందర్ ఈ సంగతి శ్వేతకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా అన్నం తింటూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ తర్వాత ప్రెస్‌మీట్‌లో కెమెరా ఎత్తితే వేలు వెనకాడేది. తన చప్పుడు తనకే వినబడసాగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ వినబడలేదు.

ముందు ఆ కెమెరాలోనే చప్పుడు తగ్గించే మార్గం వెతికాడు. క్వైట్ మోడ్ అని ఒకటి ఉంది. దానిలో పెడితే అద్దం మెల్లగా దిగుతుంది. టక్కుమనే బదులు కిర్రుమని మూలిగేది, అంతే. శ్వేత పాత బొంత కత్తిరించి కెమెరాకు తొడుగు కుట్టి ఇచ్చింది. అది తొడిగి సిరిసిల్లలో ఒక సంతాప సభకు పోతే తోటివాళ్లు నవ్వారు. "ఏందన్నా, కెమెరాకు సలి పెడ్తాందా?" అన్నారు. ఆ తొడుగులో చేతులు చెమటతో తడిసి, ఏ బటన్ ఎక్కడుందో చేతికి దొరికేది కాదు. ఫోనుతో తీస్తే చప్పుడు ఉండదు కానీ, దూరంనుంచి తీసిన ఫొటో పేపర్లో వేస్తే మొహాలు మైనం ముద్దల్లా వచ్చాయి. డెస్కు వాళ్లు తిట్టారు.

కోరుట్లలో సంపత్ అని పెళ్లి వీడియోలు తీసేవాడున్నాడు. శ్యాంసుందర్ బాధ విని తన దగ్గరున్న చిన్న కెమెరా చేతిలో పెట్టాడు.

"గిది మిర్రర్‌లెస్ అన్నా. లోపల అద్దమే లేదు, కొట్టుకునుడే లేదు. సైలెంట్‌ల పెడితె తెర గూడ కదలది. పిలగాడు పండుకున్నా లేవడు."

శ్యాంసుందర్ నొక్కాడు. ఏమీ వినబడలేదు. ఫొటో పడలేదనుకున్నాడు. కెమెరా వెనక స్క్రీన్ మీద చూస్తే సంపత్ మొహం, వెనక గోడ మీద గడియారం, అన్నీ ఉన్నాయి. పాత కెమెరా, దాని లెన్సులు సంపత్‌కే ఇచ్చేసి ఈ కెమెరా తెచ్చుకున్నాడు.

దానితో అలవాటు పడడానికి కొంతకాలం పట్టింది. మొదటిసారి సాంచాల షెడ్డులో, అదే మరమగ్గాల షెడ్డులో, నేతకార్మికుల సమ్మె సభ తీస్తే, ట్యూబులైట్ల కింద ప్రతి ఫొటోకు అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. వేగంగా ఊపిన చేతులు వాలిపోయి, ఎముక లేనట్టు వచ్చాయి. చప్పుడు తీసేస్తే ఇలాంటివి వస్తాయని సంపత్ చెప్పి ఉన్నాడు. మెల్లగా నేర్చుకున్నాడు. కిటికీ వెలుతురు ఉన్న చోటు చూసుకునేవాడు, చెయ్యి నిలకడగా ఉన్నప్పుడే నొక్కేవాడు.

ఇంకో చిక్కు నాయకులతో వచ్చింది. ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "ఏం శ్యాం, ఫొటోలు తీస్తలేవా? నా మీద అలిగినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కెమెరాలో చిన్న స్పీకరు ఉంది. కావాలంటే దానిలోంచి ఉత్తుత్తి షట్టర్ చప్పుడు వస్తుంది. ఆ రోజునుంచి పెద్దవాళ్ల దగ్గర ఆ చప్పుడు పెట్టేవాడు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర తీసేసేవాడు. ఇది తాను కనిపెట్టిన మర్యాద అనుకున్నాడు.

అతనికి తెలియకుండానే ఇంకో మార్పు కూడా వచ్చింది. చప్పుడు లేకపోయేసరికి మనుషులు చెప్పేది వినబడసాగింది. పొలం మునిగిన రైతు ఏ వాక్యం దగ్గర తడబడ్డాడో, బీడీ కంపెనీ మూతపడి పని పోయిన ఆడవాళ్లలో ఎవరు ముందు మాట్లాడారో గుర్తుండేది. ఇప్పుడు విలేకరులే అతన్ని అడిగేవాళ్లు: "అన్నా, గామె చివరికేమన్నది?" ఇంటికి వచ్చి శ్వేతకు ఆ ముచ్చట్లన్నీ చెప్పేవాడు. ఫొటోలు కూడా మారాయి. జనం అతను ఉన్నాడన్న సంగతి మరిచిపోయేవాళ్లు. అలా మరిచిపోయిన మొహాలు అంతకుముందు ఎన్నడూ అతనికి దొరకలేదు.

కోరుట్లలో ప్రేమలత అనే ఆవిడ, గల్ఫ్‌లో ఇంటిపనికి పోయి తిరిగివచ్చిన ఆడవాళ్ల కోసం ఒక సంఘం నడిపేది. తను కూడా అలా పోయి వచ్చిన మనిషే. వానలు ముదిరిన రోజుల్లో ఆమె ఒక ప్రెస్‌మీట్ పెట్టింది. ముస్తాబాద్ దిక్కునుంచి ఒకామెను పిలిపించింది. పేరు ఊర్మిల. ముప్పై ఏళ్లు ఉండవచ్చు. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోతే, ఆ ఇంటివాళ్లు బట్టల ఇస్త్రీ పెట్టెతో ఆమె వీపు కాల్చారు. ఫోను లాక్కుని, నెలల తరబడి తాళం వేసి ఉంచారు. తప్పించుకుని ఎంబసీకి చేరి ఇంటికి వచ్చింది. ఇంట్లో మాత్రం యజమానులు దేశం విడిచిపోయారు, పని అయిపోయింది అని చెప్పింది. కాలిన మచ్చలు వంటింట్లో నూనె పడి అయ్యాయంది. భర్త హరీశ్‌కు గానీ అత్తకు గానీ అసలు సంగతి తెలియదు. గల్ఫ్‌నుంచి వచ్చిన ఆడమనిషిని ఊళ్లో ఎన్ని మాటలంటారో ఆమె వినే ఉంది.

అయినా ఆమె మాట్లాడడానికి ఒప్పుకుంది. తనను పంపిన ఏజెంటు ఇప్పుడు తన ఊరి పక్కనే ఇంకో ఇద్దరిని గల్ఫ్‌కు పంపడానికి తయారు చేస్తున్నాడని తెలిసింది. తమ ఊరికి దూరం కాబట్టి కోరుట్లలో అయితే వస్తానంది.

ప్రేమలత మొదటే నిలబడి చెప్పింది. "పేరు రాయద్దు. మొఖం చూపెట్టద్దు. గీ మాట మీద నమ్మకంతోనే ఆమె అచ్చింది." అందరూ తలలూపారు. శ్యాంసుందర్ కూడా ఊపాడు. ఆమె కష్టం మీద టకటకలు ఎందుకని, కెమెరాలో చప్పుడు పూర్తిగా తీసేశాడు.

అక్కడ ఇంకో ఇద్దరు ఫొటోగ్రాఫర్లున్నారు. వాళ్లవి పాత కెమెరాలే. అవి మోగగానే ఊర్మిల కొంగు ముక్కుదాకా లాక్కుని తల వంచుకునేది. ఆగగానే కొంచెం సర్దుకుని మాట్లాడేది. కొంగులోంచే మొత్తం చెప్పింది. ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఏమాత్రం మారలేదు. బిడ్డ సృజన గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆగింది. "నేను పోయినప్పుడు దానికి సరిగ మాటలే రాలె. అచ్చేసరికి బడికి పోతాంది" అంది.

ఆ ఇద్దరూ తమకు కావలసినవి తీసుకుని కెమెరాలు సంచుల్లో పెట్టేసి చాయ్ తాగడానికి లేచారు. విలేకరులు రాసుకుంటున్నారు. శ్యాంసుందర్ కెమెరా రొమ్ము దగ్గర పట్టుకుని ఆమె చెప్పిందే ఆలోచిస్తూ నిలబడ్డాడు. ఊర్మిల చుట్టూ చూసింది. చప్పుడు లేదు. నీళ్ల గ్లాసు తీసుకుంది. కొంగు భుజం మీదికి జారింది. కిటికీ వైపు మొహం తిప్పి, గ్లాసు పెదవులకు ఆనించి, తాగకుండా ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. చెప్పడం అయిపోయిన మనిషి మొహం అది.

శ్యాంసుందర్ వేలు కదిలింది. గదిలో ఎవరికీ తెలియలేదు.

కోరుట్ల బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని ఫొటోలు చూసుకున్నాడు. కొంగు కప్పుకున్నవన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం అతని జీవితంలో తీసిన ఫొటోలన్నిటిలోకీ మంచిది. వాన మబ్బు వెలుతురు, గాజు గ్లాసు, ఆమె కళ్లు. పంపకూడదని తెలుసు. అయినా ఎవరో ఒకరు దాన్ని చూడాలనిపించింది. కొంగు ఉన్న ఫొటోలతో పాటు దాన్నీ డెస్కుకు పంపి, ముఖం కనబడకుండా మసక చేయాలని కింద రాశాడు.

సాయంత్రం స్టూడియో వెనకున్న ఇంట్లో శ్వేత అతని ఫోనులో ఆ ఫొటో చూసింది. చాలాసేపు చూసింది.

"మొఖం చూపెట్టద్దన్నరని నువ్వే అంటివి గదా?"

"మసక చేస్తరు."

"మసక చేసెటిదానికి గీ ఫొటోనే ఎందుకు పంపినవ్?"

అతను ఏదో పని ఉన్నట్టు స్టూడియోలోకి పోయాడు.

మర్నాడు అచ్చు పేపర్లో మొహం మసకగానే వచ్చింది. ఏజెంటుది సిరిసిల్ల దిక్కు కావడంతో వార్తను రెండు జిల్లాల పేజీల్లోనూ వేశారు. కానీ ఫోన్లో చదివే పేజీకి ఫొటోలు పెట్టినవాళ్లు అసలు ఫొటోనే ఎక్కించారు. శ్యాంసుందర్ ఎదురుగా కూర్చున్న గిరాకీకి పాస్‌పోర్టు ఫొటో తీస్తుండగా ప్రేమలత ఫోన్ వచ్చింది.

"ఏం చేసినవ్ శ్యామన్నా? అందరి ముంగట చెప్పిన గదా! నువ్వు తలకాయ గూడ ఊపితివి గదా!"

ఆమె ఏ సంగతి చెబుతోందో అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గిరాకీని అలాగే స్టూలు మీద వదిలేసి బయటికి వచ్చాడు. డెస్కుకు ఫోన్ చేశాడు, అరిచాడు. వాళ్లు ఫొటో తీసేశారు. అప్పటికే ముస్తాబాద్ చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో అది తిరుగుతోంది. ఎవరో కింద పేరు, ఇంటిపేరు, ఊరు కూడా రాశారు. ఇంకెవరో వార్తలో లేని మాటలు కలిపారు.

ప్రేమలత వద్దన్నా వినకుండా అతను బండి తీసుకుని ఊర్మిల అత్తగారింటికి పోయాడు. హరీశ్ ముస్తాబాద్, సిరిసిల్ల మధ్య ఆటో నడుపుతాడు. ఆ రోజు ఆటో వాకిట్లోనే ఉంది. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తలుపు లోపలినుంచి అత్త గొంతు వినబడుతోంది. ఊర్మిల లేదు, పొద్దున్నే తల్లిగారింటికి పంపించేశారు. సృజనను పంపలేదు.

శ్యాంసుందర్ తను ఎవరో చెప్పాడు. "తప్పు నాది తమ్మీ. ఆమెకు తెల్వకుంట తీసిన. ఆమె మొఖం చూపెట్టద్దనే చెప్పింది" అన్నాడు.

హరీశ్ తలెత్తి చూశాడు. "నాకు నూనె పడ్డదని చెప్పింది. పేపరోళ్లకు ఇంకోటి చెప్పింది. నేనేం కానా ఆమెకు?"

"భయపడ్డది."

"నీకెట్ల ఎరుక? నాకంటె ఎక్కువ ఎరుకనా?" లేచి దగ్గరికి వచ్చాడు. "ఆమెకు తెల్వకుంట తీసినంటున్నవ్. ఇంకేమేం తీసినవ్? చూపెట్టు. ఫోన్ చూపెట్టు."

ఇరుగుపొరుగు గోడల మీదినుంచి చూస్తున్నారు. శ్యాంసుందర్ ఎంత వివరిస్తే అంత అధ్వాన్నంగా ఉంది. అతను వచ్చిన సంగతి కూడా సాయంత్రానికల్లా ఇంకో కథై ఊళ్లో తిరిగింది.

ఊర్మిల తల్లిగారి ఊరు అక్కడికి దగ్గరే. చిన్న పెంకుటింటి ముందు పందిరి కింద ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అతన్ని చూసి ఆకు కత్తిరించడం ఆపింది. లేవలేదు, పొమ్మనలేదు. తల్లి లోపలినుంచి పీట తెచ్చి వేసింది. అతను కూర్చోలేకపోయాడు.

"చెల్లే, నేను..."

"ఎరుకైంది. ప్రేమలతక్క చెప్పింది" అంది. మళ్లీ ఆకు అందుకుంది. కొంతసేపు చుట్టింది. "చప్పుడైతె కొంగు కప్పుకుందును గదన్నా."

అప్పుడు అతను పీట మీద కూర్చున్నాడు.

"ఆళ్లిద్దరివి చప్పుడైతుండె. అయినప్పుడల్ల కప్పుకున్న. నీది కాలె. నువ్వు ఊకె పట్టుకోని నిలబడ్డవ్. గీ అన్న ఫొటోలకు రాలె, మన ముచ్చట ఇనెతందుకు అచ్చిండు అనుకున్న. అందరిల నువ్వొక్కనివే ఇంటున్నవ్ అనుకున్న."

"ఇన్న చెల్లే. అంత ఇన్న."

"మరి ఇన్నంక గూడ తీసినవా?"

ఆమె అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆమె తల్లి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

కులపెద్దలు పంచాయితీకి కూర్చున్న రోజు శ్యాంసుందర్ మళ్లీ పోయాడు. నిలబడి, ఫొటో విషయంలో తప్పు తనదేనని, ఆమె తప్పేమీ లేదని అందరి ముందు చెప్పాడు. ఒక పెద్దమనిషి విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఫొటో ముచ్చట పక్కకు పెట్టు నాయినా. గాడ ఆమెకు ఏమన్న అయిందా, కాలేదా? గది తేల్చుండ్రి ముందుగాల." ఇస్త్రీ పెట్టెతో కాల్చారని ఊర్మిల చెబితే, "గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగారు. ఆమె మెల్లగా లేచి, వాళ్లకు వీపు తిప్పి కూర్చుంది. ఆ తర్వాత ఏం అడిగినా పలకలేదు. పలకలేదు కాబట్టి ఏదో ఉందని తేల్చారు. హరీశ్ ఆ పూటంతా నేల చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "నాకు ముందే చెప్తె అయిపోవు" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. బిడ్డ తండ్రి దగ్గరే ఉండాలని, ఊర్మిల తల్లిగారింట్లో ఉండాలని తేల్చి పెద్దలు లేచి వెళ్లిపోయారు.

ఏజెంటు మీద కేసు పెట్టాలంటే ఊర్మిల వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. ప్రేమలత ఎంత తిరిగినా ఆమె రాలేదు. ఏజెంటు తయారు చేస్తున్న ఆ ఇద్దరు ఆడవాళ్లూ దసరా ముందే విమానం ఎక్కారని తర్వాత తెలిసింది.

శ్యాంసుందర్ పేపరుకు ఫొటోలు తీయడం మానేశాడు. ఎవరూ మానమనలేదు. పెద్ద పొరపాటు ఏముంది, మసక చేయమని నువ్వు రాశావు కదా అని డెస్కు వాళ్లు సర్దిచెప్పారు. తోటివాళ్లు కొన్నాళ్లు పిలిచి, తర్వాత ఇంకొకరిని వెతుక్కున్నారు. స్టూడియోలో కూర్చుని, వచ్చినవాళ్లకు ఫొటోలు తీసి, కత్తిరించి కవర్లలో పెట్టి ఇచ్చేవాడు. పెళ్లిళ్లకు కూడా పోవడం తగ్గించాడు. శ్వేతతో మాటలు తగ్గాయి. "నువ్వు ఒక్కనివే చేసినవా? తిప్పినోళ్లు లేరా, రాసినోళ్లు లేరా?" అని ఆమె అనేది. లేరని అతను అనలేదు. వాళ్లెవరికీ ఆమె చెప్పింది వినబడలేదు కదా, అని ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత ఆ మాట కూడా అనలేదు.

చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఊర్మిల స్టూడియో మెట్లెక్కింది. ఆ సందులో ఇంకో రెండు స్టూడియోలున్నాయి. ఆమె ఇక్కడికే వచ్చింది. వెంట ఎవరూ లేరు. మనిషి తగ్గింది. లోపలికి వచ్చి స్టూలు చూసి కూర్చుంది.

"వీసాకు ఫొటోలు కావాలె. తెల్ల బ్యాక్‌గ్రౌండు" అంది.

శ్యాంసుందర్ నిలబడిపోయాడు. "మళ్ల పోతున్నవా?"

"మస్కట్‌కు. మా పెద్దమ్మ బిడ్డ ఉన్నది గాడ. మంచి ఇల్లేనంటాంది."

"చెల్లే, వద్దు. ప్రేమలతక్క ఏదన్న పని..."

"ఊళ్లె బజారుకు పోతె చూస్తాండ్రన్నా. ఆడోళ్లు గూడ చూస్తాండ్రు. గాడ నన్ను ఎరిగినోళ్లు ఉండరు." కొంగు భుజం మీద సర్దుకుంది. "సృజనను బడి దగ్గర చూసెటందుకు పోతె, సారు గేటుకాన్నే ఆపిండు. వాళ్ల నాయిన చెప్పిండట."

అతను గోడకు తెల్ల తెర దించాడు. లైటు సరిచేశాడు. అక్కర లేకున్నా రెండుసార్లు మళ్లీ సరిచేశాడు. ఆమె కళ్లు తిప్పకుండా సూటిగా చూసింది.

"తీస్తున్న చెల్లే" అన్నాడు.

"తియ్యి."

ఫొటోలు కత్తిరించి ఇచ్చాడు. ఆమె లెక్క చూసుకుని వాటిలోంచి ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది.

"గిది సృజనకు అందితె మంచిగుండు. ఇంట్ల నా ఫొటోలన్ని తీసేసిండ్రట. నువ్వు పోకు, నిన్ను చూస్తె లొల్లయితది. ఎవరితోనన్న పంపు."

ఆమె వెళ్లిపోయాక శ్వేత లోపలినుంచి వచ్చి ఆ ఫొటో చేతిలోకి తీసుకుంది. తనే పోతానంది. మర్నాడు ముస్తాబాద్ ఆటో ఎక్కి, ఆ ఊళ్లో దిగి, బడి వదిలేదాకా దారి పక్కన నిలబడింది. పిల్లలు బయటికి వస్తుంటే హరీశ్ బిడ్డ సృజన ఎవరని అడిగి తెలుసుకుంది. పిల్ల ఫొటో తీసుకుని చూసింది. మా అమ్మేనంది. కొత్త మనిషిని చూసి బెదిరి, ఫొటోను ఆమె చేతికే తిరిగి ఇవ్వబోయింది.

"నీకే బిడ్డా. ఉంచుకో" అంది శ్వేత.

"నాయనమ్మ చూస్తె చింపుతది" అంది పిల్ల.

శ్వేత కొంచెంసేపు ఆలోచించి, బడిలో ఒక టీచరమ్మను వెతికి పట్టుకుని సంగతంతా చెప్పింది. ఆమె ఫొటో తీసుకుని తన బల్ల సొరుగులో పెట్టింది. చూడాలనిపించినప్పుడు వచ్చి అడగమని పిల్లకు చెప్పింది. సృజన తల ఊపి, సంచి తగిలించుకుని, మిగతా పిల్లల వెనక ఇంటికి పోయింది.

ఊర్మిల ఆ నెలలోనే మస్కట్ పోయింది. పోయాక తల్లికి రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. ఆ తర్వాత చాలా రోజులుగా ఆమె ఫోను కలవడం లేదని ప్రేమలత చెప్పింది. శ్యాంసుందర్, ప్రేమలత ఇప్పుడు ఆమె కోసం ఎంబసీకి అర్జీలు పెడుతున్నారు. వాటికి ఆమె ఫొటో జతచేయాలి. ప్రతిసారీ శ్యాంసుందరే ఆ వీసా ఫొటోను ప్రింటు తీసి ఇస్తున్నాడు. ఇంకా జవాబు రాలేదు.